బియ్యపు గింజంత గ్రీజు

నాన్న పెద్దకర్మ అయిన వారానికి బాపట్ల ఇల్లు సర్దుకున్నాం. పుస్తకాలు తమ్ముడు తీసుకున్నాడు. ఇత్తడి సామాను అమ్మ దగ్గరే ఉండాలనుకున్నాం. పెరట్లో రేకుల షెడ్డు కింద నాలుగేళ్లుగా కదలకుండా ఉన్న కారు సంగతి వచ్చేసరికి కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

"అది నాకివ్వండి" అన్నాను.

"నీకెందుకక్కా ఆ బరువు?" అన్నాడు తమ్ముడు.

బరువన్న మాట నిజమే. టన్నుకు పైగా ఇనుము. 1984 మోడల్ అంబాసిడర్, మార్క్ 4. నాన్న 1991లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఆయన బాపట్ల వ్యవసాయ కళాశాలలో మొక్కల తెగుళ్ల గురించి పాఠాలు చెప్పేవారు. ఆదివారం సాయంత్రాలు 9 కిలోమీటర్ల దూరంలోని సూర్యలంక సముద్రానికీ, సెలవులకు రేపల్లె దగ్గర అమ్మమ్మగారి ఊరికీ, పెళ్లిళ్లకు తెనాలికీ ఆ బండిలోనే వెళ్లేవాళ్లం. ముందు సీటు బల్లలా ఒకటే పొడుగు. గేరు రాడ్డు స్టీరింగ్ కిందే ఉండేది కాబట్టి మధ్యలో నేను కూర్చున్నా నాన్న చేతికి అడ్డం వచ్చేదాన్ని కాదు. మా చిన్నతనం ఆ మూడు ఊళ్ల మధ్య, ఆ ఒక్క సీటు మీద గడిచింది.

కాగితాల పని ముందు చూసుకున్నాను. బండి యజమాని చనిపోతే 30 రోజుల్లోగా రవాణా అధికారికి తెలియజేయాలి. మూడు నెలల్లోగా వారసుల పేరిట మార్చమని 31వ నంబరు ఫారంలో దరఖాస్తు పెట్టాలి. ఈ సంగతి తెలియక చాలా ఇళ్లలో పోయినవాళ్ల పేరు మీదే బళ్లు ఏళ్ల తరబడి తిరుగుతుంటాయి. ప్రమాదం జరిగిన రోజున తెలుస్తుంది ఆ నిర్లక్ష్యం ఖరీదు. అమ్మా తమ్ముడూ అభ్యంతరం లేదని సంతకాలు పెట్టారు. సొంత కారు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లకు ఇస్తారు, ఆ తర్వాత అయిదేళ్లకోసారి బండిని చూపించి పొడిగించుకోవాలి. మా బండికి ఆ గడువు దగ్గర పడుతోంది. కాగితం మీద కారు నాదైంది. రోడ్డు మీద కూడా నాది కావాలంటే ఇంజను తిరగాలి.

నేను తెనాలిలో లెక్కల టీచర్ని. బండిని లారీ మీద తెనాలి తెప్పించి ఒక షెడ్డులో అప్పగించాను. వాళ్లు పనిమంతులు కారని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనను. కొత్త కార్ల పని వాళ్ల చేతుల్లో ఉంది. కంప్యూటరు తగిలిస్తే తప్పేదో తెర మీద కనపడే బళ్లవి. మా అంబాసిడర్‌కు అలా తగిలించడానికి చోటే లేదు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అచ్చుల నుంచి పుట్టి, 1950ల చివర్లో బెంగాల్లోని ఉత్తరపారా కర్మాగారంలో మొదలై, 2014 మే నెలలో తయారీ ఆగిపోయిన బండి అది. అర్ధశతాబ్దం పైగా ముఖం పెద్దగా మారలేదు. దాని రోగం తెలుసుకోవాలంటే చెవి, ముక్కు, వేలికొసలు పనిచేయాలి. ఆ చదువు ఇప్పుడు ఎవరూ నేర్పడం లేదు, ఎందుకంటే నేర్చుకున్నా కూలి గిట్టదు.

రెండు వారాలకు ఇంజను తిరిగింది. కొత్త బ్యాటరీ, కొత్త ప్లగ్గులు, కొత్త పాయింట్లు, కండెన్సర్. సెల్ఫ్ కొట్టగానే అందుకుంది. అమ్మకు చూపించాలని ఆ ఆదివారమే బాపట్ల బయల్దేరాను. వెళ్లి వచ్చాను కూడా. మరో రెండు వారాలు ఊళ్లో బాగానే తిరిగింది. తర్వాత ఒకరోజు మళ్లీ బాపట్ల వెళుతుంటే పొన్నూరు దాటాక పికప్ తగ్గింది. వేడి ముల్లు ఎక్కడం మొదలైంది. చెట్టు కింద ఆపి బానెట్ ఎత్తితే రేడియేటర్ మూత దగ్గర ఆవిరి.

షెడ్డుకు తెచ్చాం. పాయింట్లు పోయాయని కొత్తవి వేశారు. బండి మళ్లీ హుషారైంది. రెండు వందల కిలోమీటర్లు తిరిగిందో లేదో మళ్లీ అదే వేడి. ఈసారి థర్మోస్టాట్ వాల్వు తీసి పారేశారు. "మన ఎండలకి అది అక్కర్లేదు మేడం" అన్నారు. వేడి ఆగలేదు. కరెంటు ఫ్యాను ఒకటి అదనంగా బిగించి, దాని వైరు నేరుగా బ్యాటరీకి కలిపారు. వేడి ఆగలేదు. రేడియేటర్ మార్చారు. పాయింట్లు మూడోసారి వేశారు. ఆ పైన ఇంజను మీద టిక్కుటిక్కుమనే చప్పుడు వస్తోందని ట్యాపెట్లు బిగించారు.

బిగించిన రోజు ఇంజను ఎంత మెత్తగా తిరిగిందో! చెయ్యి పెడితే తప్ప నడుస్తున్నట్టు తెలియలేదు. ఇక బాగైపోయిందని బాపట్ల తీసుకెళ్లి అమ్మకు చూపించాను, పిల్లలకు మిఠాయి కూడా పంచాను. నెల తిరగకుండానే ఉదయం పూట స్టార్టు కావడం మానేసింది. ఒక సిలిండరు మిస్సింగ్. ఎత్తు ఎక్కేటప్పుడు సైలెన్సర్‌లో పటపటమని శబ్దం. "ఇంజను బోరుకొచ్చింది మేడం. హెడ్డు దించి రీబోర్ చేయాలి. అంత ఖర్చు ఈ బండికి దండగ. ఎవరికైనా ఇచ్చేయండి" అన్నారు.

బిల్లులన్నీ ఒక కవర్లో దాచాను. లెక్కల మనిషిని కాబట్టి ఆ రాత్రి వాటిని బల్ల మీద పరిచి కూడాను. మొత్తం ఇరవై మూడు వరసలు. ప్రతి వరసలో ఒక వస్తువు పేరుంది, ధర ఉంది, కూలి ఉంది. అది ఎందుకు మార్చారో ఒక్క వరసలోనూ లేదు. పిల్లలు మెట్లు రాయకుండా జవాబు మాత్రం వేస్తే నేను మార్కులు వేయను. ఇరవై మూడు జవాబులకు డబ్బు కట్టాను, ఒక్కదానికీ మెట్టు అడగలేదు.

అమ్మేయడమంటే తుక్కుకు వేయడమే. తుక్కు మా ఊళ్లో అగౌరవమైన మాట కాదు. తెనాలి సూర్య శిల్పశాల శిల్పులు కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర బళ్ల నుంచి తీసిపారేసిన ఇనప సామానుతో నిలువెత్తు విగ్రహాలు చేస్తారు. 2021లో ప్రధానమంత్రి మోదీ విగ్రహాన్ని 14 అడుగుల ఎత్తున అలా తుక్కుతోనే నిలబెట్టారు. వాళ్ల పని చూసినప్పుడల్లా ఒక నట్టు, ఒక చైను ముక్క కూడా మరో జన్మ ఎత్తగలవని నమ్మకం కలుగుతుంది. కానీ అది బతుకు పూర్తయిన ఇనుముకు దక్కాల్సిన మర్యాద. మా బండి బతుకు పూర్తయిందో లేదో నాకింకా ఎవరూ రుజువు చేయలేదు.

అప్పుడు ఫోనులో అమ్మ అంది: "రేపల్లెలో మీ నాన్న బండికి కమాన్ కట్టలు వేసిన ఆయన ఉండాలి. ఉన్నాడేమో కనుక్కో."

ఉన్నారు. డెబ్బైకి దగ్గర పడిన మనిషి. షెడ్డు సగం మూతపడింది, మిగతా సగంలో మనవడు మోటారు సైకిళ్లు బాగుచేస్తున్నాడు. తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లెకు సుమారు 35 కిలోమీటర్లు. తాడు కట్టి లాక్కుంటూ తెచ్చిన బండిని చూడగానే ఆయన మొదట బానెట్ జోలికి పోలేదు. డ్రైవరు వైపు తలుపు తీసి వేసి, మళ్లీ తీసి వేశారు.

"లెక్చరర్ గారి బండి. ఈ తలుపు నేనే సరిచేశాను" అని నా వంక చూసి, "మధ్యలో కూర్చునే అమ్మాయివి నువ్వేనా?" అన్నారు.

అవునన్నాను. "బాబాయ్ గారూ, ఇంజను బోరుకొచ్చిందంటున్నారు" అన్నాను.

"అంటారు. బిల్లులున్నాయా?"

ఇంతవరకూ ఎవరూ నన్ను బిల్లులు అడగలేదు. కవరు ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, ఒక్కొక్క కాగితమూ వేలు పెట్టి చదివారు. పూర్తయ్యాక మూడు కాగితాలు తీసి పక్కన పెట్టారు.

"మూడుసార్లు పాయింట్లు మార్చారు. ఒకసారి పోతే పాయింటు మంచిది కాదనుకోవచ్చు. మూడుసార్లు పోయిందంటే తప్పు పాయింటుది కాదమ్మా. పాయింటును తినేది ఏదో పక్కనే ఉంది."

డెల్కో మూత తీశారు. డిస్ట్రిబ్యూటర్‌కు మన మెకానిక్కులు పెట్టుకున్న పేరది. రోటరు లాగేసి, లోపలున్న నాలుగు పలకల ఇరుసు మీద వేలికొస ఆనించి చుట్టూ తిప్పారు. "నువ్వూ చూడు" అన్నారు. చూశాను. కంటికి నున్నగానే ఉంది. వేలికి మాత్రం పిల్లి నాలుకలా గరగరలాడింది.

అంతా అక్కడే ఉంది. ఆ నాలుగు పలకలను ఆనుకుని పాయింట్ల తాలూకు చిన్న ఫైబర్ మడమ ఉంటుంది. ఇరుసు తిరుగుతూ ఒక్కో పలక అంచుతో ఆ మడమను నెడితే పాయింట్లు విడిపోతాయి. విడిపోయిన ఆ క్షణమే ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుడుతుంది. ఇంజను నిమిషానికి మూడు వేల చుట్లు తిరిగితే పాయింట్లు సెకనుకు వందసార్లు విడిపోవాలి. అందుకే ఆ ఇరుసు మీద ఒక్క చుక్క గ్రీజు రాయాలి. నాలుగేళ్లు కదలకుండా ఉన్న బండి అది, పైగా బాపట్ల సముద్రపు గాలి. పాత గ్రీజు ఎండిపోయింది, ఇరుసు మీద సన్నటి తుప్పు పట్టింది. గ్రీజు లేని ఆ గరుకు మీద కొత్త ఫైబర్ మడమ రెండు వందల కిలోమీటర్లకే అరిగిపోతోంది. మడమ అరిగితే పాయింట్ల మధ్య సందు తగ్గుతుంది. సందు తగ్గితే పాయింట్లు ఆలస్యంగా విడిపోతాయి, నిప్పురవ్వ ఆలస్యంగా పుడుతుంది. పెట్రోలు మండాల్సిన వేళకు మండక పిస్టన్ దిగిపోతున్నప్పుడు మండుతుంది. బండిని లాగాల్సిన బలం వేడిగా మారి హెడ్డులోకీ రేడియేటర్‌లోకీ పోతుంది. ముల్లు ఎక్కిందీ, పికప్ తగ్గిందీ అందుకే.

కొత్త పాయింట్లు వేసిన ప్రతిసారీ బండి బాగైనట్టు కనిపించడానికి కారణం కూడా అదే. మడమ కొత్తది కాబట్టి సందు సరిగా ఉండేది. అరిగేదాకా రోగం దాక్కునేది.

"ఉప్పెన వచ్చిన ఏడాది నాకు ఇరవై ఏళ్లు" అన్నారాయన, మెత్తటి వాటర్ పేపరుకు నూనె రాసి ఇరుసును సాన పడుతూ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన సంగతి. దివిసీమతో పాటు రేపల్లె ప్రాంతమూ ఉప్పునీటి పాలైన రోజు. "నీళ్లలో మునిగిన ఇంజన్లు వరసగా తెచ్చి పడేశారు. కొందరు నీళ్లు వంపేసి స్టార్టు చేసుకుని పోయారు. నెలకల్లా అన్నీ తిరిగొచ్చాయి. మా గురువు మాత్రం ప్రతి ఇంజనూ విప్పించి, మంచినీళ్లతో కడిగించి, ఆరబెట్టించి, అప్పుడు నూనె పోయించేవాడు. ఉప్పు కనపడదమ్మా, తింటుంది."

ఇరుసు నున్నబడ్డాక గ్రీజు డబ్బాలో అగ్గిపుల్ల ముంచి తీశారు. పుల్ల కొసన బియ్యపు గింజంత గ్రీజు. "ఇంతే. ఎక్కువ పెడితే చిమ్మి పాయింట్ల మీద పడుతుంది. అప్పుడు అసలు నిప్పే రాదు." రాశారు. పాయింట్ల సందులో ఫీలర్ గేజ్ రేకు పెట్టి సరిచేశారు. పదిహేను థౌ. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. పదిహేను వెయ్యో వంతులంటే మిల్లీమీటరులో సగం కూడా లేదు.

తర్వాత ట్యాపెట్లు. ఇంజను మీది మూత విప్పి, అదే రేకును ఒక్కో రాకర్ కింద దూర్చబోయారు. పొగ బయటికి పంపే వాల్వుల దగ్గర అది దూరనే లేదు. ఆయన ముఖంలో నొప్పి కనిపించింది, ఎవరో పసివాడి గొంతు నొక్కితే చూసినవాడిలా. "చప్పుడు రాకుండా బిగించేశారు" అన్నారు.

వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య కూడా పదిహేను థౌ సందు ఉండాలి. ఇనుము వేడికి సాగుతుంది. సాగినా వాల్వు తన పీట మీద పూర్తిగా కూర్చోవడానికే ఆ సందు. ఎర్రగా కాలే ఎగ్జాస్టు వాల్వు తన వేడిలో చాలా భాగాన్ని ఆ పీట మీద కూర్చున్న కాస్త సేపట్లోనే హెడ్డుకు అప్పగించి చల్లబడుతుంది. సందు లేకపోతే పూర్తిగా కూర్చోదు. కూర్చోకపోతే చల్లబడదు. అంచు కాలిపోతుంది, అక్కడినుంచి బలం కారిపోతుంది. నిమిషానికి మూడు వేల చుట్ల దగ్గర ఒక్కో వాల్వు సెకనుకు పాతికసార్లు లేచి కూర్చుంటుంది. అన్నిసార్లూ దానికి కూర్చునే వీలు ఇవ్వాల్సింది ఆ పదిహేను థౌ ఖాళీయే. ఆ ఖాళీకి ఒక చప్పుడుంటుంది. నేను మిఠాయి పంచుకున్న నిశ్శబ్దం ఆ ఖాళీని చంపితే వచ్చింది.

హెడ్డు దించక తప్పలేదు. దించితే సిలిండర్లు నాలుగూ చక్కగా ఉన్నాయి. బోరు చెడలేదు. ఒక ఎగ్జాస్టు వాల్వు అంచు మాత్రం కొరికినట్టు కాలింది. అది మార్చి, మిగతా వాటిని పేస్టు పెట్టి చేత్తో గ్రైండింగ్ చేశారు. అరచేతుల మధ్య కర్ర తిప్పుతూ, మజ్జిగ చిలికినట్టు, రెండు రోజులు. పని చేస్తూనే ఆయన మరో మాట చెప్పారు. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం కలిపిన పెట్రోలు పూర్తిగా మానేశారు. పసిపిల్లల మెదళ్లకు అది మంచిదే అయింది. కాని పాత ఇనప హెడ్డుల్లో ఆ సీసమే వాల్వు పీటలకు మెత్తలా పనిచేసేది. అది లేకపోయాక పీట మెల్లగా అరిగి, వాల్వు లోపలికి దిగి, సందు దానంతటదే తగ్గుతూ వస్తుంది. అందుకే ఇలాంటి బళ్లకు అయిదు వేల కిలోమీటర్లకోసారి సందు కొలవాలి. చప్పుడు కాస్త పెరిగితే భయం లేదు, తగ్గితే భయపడాలి.

పెట్రోలు సంగతి కూడా చూశారు. నాలుగేళ్లు ట్యాంకులో నిలిచిన పెట్రోలు వార్నిష్ వాసన కొట్టి, జిగురై అడుగున పేరుకుంది. మొదటి షెడ్డులో దాని మీదే కొత్త పెట్రోలు పోశారు. ట్యాంకు దించి కడిగారు, కార్బొరేటర్ జెట్లు గాలి కొట్టి శుభ్రం చేశారు. రబ్బరు గొట్టాలన్నీ మార్చారు. 2025 నాటికి దేశంలో పెట్రోలుకు 20 శాతం ఇథనాల్ కలపడం అమల్లోకి వచ్చింది. 1984 నాటి రబ్బరు దానికోసం చేసింది కాదు. ఇథనాల్‌కు అది మెత్తబడి పగులుతుంది, వేడి ఇంజను మీద పెట్రోలు కారితే ఏమవుతుందో వేరే చెప్పాలా? పాత కారు ఉన్నవాళ్లు ఇంకేది వాయిదా వేసినా ఈ గొట్టాల మార్పు వాయిదా వేయకూడదు. థర్మోస్టాట్ వాల్వు కొత్తది కొని పెట్టించారు. ఇంజను ఎక్కువ వేడైతే ఎంత చేటో, చాలినంత వేడెక్కకపోయినా అంతే చేటు, అరుగుదల పెరుగుతుంది అన్నారు. అదనపు ఫ్యాను విప్పి, దాని వైరును చుట్టగా చుట్టి నా చేతికిచ్చారు.

నాలుగో రోజు సాయంత్రం సెల్ఫ్ కొట్టమన్నారు. అందుకుంది. ఇంజను కుదురుకున్నాక పైనుంచి టిక్కు టిక్కు టిక్కుమని సన్నటి చప్పుడు మొదలైంది.

"చప్పుడొస్తోంది బాబాయ్ గారూ."

"రావాలి. వాల్వు మూసుకుంటున్నానని చెబుతోంది. చెప్పనివ్వు."

ఆ మాట నాతో పాటు ఇంటికి వచ్చింది. ఇప్పటికీ ఉంది.

బాగుచేయడం, చప్పుడు మాన్పడం ఒకటి కావు. ఈ తేడా నాన్నకు తెలుసు. వరి ఆకు పసుపుబారిందని రైతులు మా ఇంటికి వచ్చేవారు. చాలామంది అప్పటికే యూరియా చల్లి వచ్చేవారు. నాన్న మొక్కను వేళ్లతో సహా పీకి తెమ్మనేవారు. పొలంలో నీళ్లు నిలిచి వేరు ఊపిరాడకపోయినా ఆకు పసుపే. మట్టిలో జింకు చాలకపోయినా పసుపే. తెగులైనా పసుపే. యూరియా చల్లితే నాలుగు రోజులు పచ్చబడుతుంది, రైతు సంతోషిస్తాడు, లోపలి రోగం తన పని తాను చేసుకుపోతుంది. నా ఇంజను మెత్తబడిన రోజు నేను పడ్డ సంతోషం ఆ నాలుగు రోజుల పచ్చదనమే. నాన్న బండిని అడిగి తీసుకున్నాను గాని నాన్న చూపును తీసుకోవడం మరిచిపోయాను. ఆ చూపు రేపల్లెలో ఒక సగం మూసిన షెడ్డులో, మా నాన్న చదివిన చదువులేవీ చదవని మనిషి దగ్గర దొరికింది.

మొదటి షెడ్డువాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లు చేసిన ఒక్కో పనినీ విడిగా చూస్తే తప్పని చెప్పలేం. వేడెక్కితే రేడియేటర్ చూస్తారు, చప్పుడొస్తే ట్యాపెట్లు చూస్తారు. కాని ప్రతి మరమ్మతూ ముందు చేసిన మరమ్మతును కప్పింది. ఒక గింజ గ్రీజుతో తీరిపోయే తప్పు మీద పాయింట్లు, దాని మీద ఫ్యాను, దాని మీద రేడియేటర్, ఆ పైన బిగించిన ట్యాపెట్లు. చివరికి తప్పు అడుగున పడిపోయి, పైనున్న మరమ్మతులే కొత్త తప్పులయ్యాయి. హెడ్డు దించాల్సి వచ్చింది బండి వయసు వల్ల కాదు, మేం చేయించిన బాగు వల్ల. ఇందులో నా వంతు కూడా ఉంది. "ఎప్పటికిస్తారు? ఎంతవుతుంది?" ఈ రెండే అడిగాను. "ఎందుకు పోయింది?" అని అడిగి ఉంటే ఆ కుర్రాళ్లు కూడా ఆగి ఆలోచించేవారేమో. మనం అడగని ప్రశ్నకు జవాబు వెతికే తీరిక ఏ షెడ్డుకూ ఉండదు.

సందు గురించి కూడా ఆలోచిస్తుంటాను. పాయింట్ల మధ్య పదిహేను, ప్లగ్గు కొసల మధ్య పాతిక, వాల్వు మీద పదిహేను. టన్ను ఇనుము కదలడానికి ఆధారం ఈ మూడు ఖాళీలు. రెండు భాగాలు ఎంత దగ్గరగా బిగిస్తే అంత గట్టిగా పనిచేస్తాయని మామూలు బుద్ధికి తోస్తుంది. ఇంజను అలా పనిచేయదు. మా తరగతిలోనూ అంతే అనిపిస్తుంది ఈమధ్య. అల్లరి వినపడకూడదని బిగించిన తరగతి బయటికి ఎంతో క్రమశిక్షణగా కనపడుతుంది. అక్కడ అర్థం కాని పిల్లవాడు ‘అర్థం కాలేదు’ అనడం మానేస్తాడు. ఆ మాట వినపడుతుంటేనే వాడు ఎక్కడ ఆగాడో నాకు తెలిసేది. ఇప్పుడు ప్రతి పాఠం చివరా అయిదు నిమిషాలు ఖాళీ వదులుతున్నాను, మాట్లాడుకోమని. పక్క గదివాళ్లు చప్పుడంటున్నారు. రానివ్వండి అంటున్నాను.

బయల్దేరేముందు ఆయన, "నీ బ్యాగులో సుద్దముక్క ఉంటుందిగా, తియ్యి" అన్నారు. బానెట్ లోపలి వైపు 15, 25, 15 అని నా చేతనే రాయించారు. "చెరిగిపోతే మళ్లీ రాసుకో. తర్వాత ఎవరు ఈ బానెట్ ఎత్తినా ముందు ఇది చదవాలి." తీసేసిన సామానంతా, కాలిన వాల్వుతో సహా, ఒక గోనెసంచిలో వేసి డిక్కీలో పెట్టారు. పాత సామాను యజమానికి అప్పగించడం తన గురువు నేర్పిన పద్ధతట. పాతది చూపించలేనివాడు కొత్తది వేశానని చెప్పకూడదట.

రేపల్లె నుంచి తెనాలి తిరిగి వెళ్లలేదు. 216వ జాతీయ రహదారి ఎక్కి చెరుకుపల్లి, కర్లపాలెం మీదుగా బాపట్ల వెళ్లాను. రెండు పక్కలా వరిచేలు. వేడి ముల్లు మధ్యన నిలబడి కదల్లేదు. ఇంటి సందు మలుపు తిరిగేసరికి అమ్మ గేటు తీసి నిలబడి ఉంది. నేను హారన్ కొట్టలేదు.

"చప్పుడు విన్నాను" అంది. కాసేపాగి, "అప్పుడు తెచ్చినప్పుడు వినపడలేదే. మన బండి కాదేమో అనుకున్నా" అంది.

మీ ఇంట్లో కూడా పెద్దవాళ్లు వదిలి వెళ్లిన బండో, మోటారో, కుట్టుమిషనో ఉండి ఉంటుంది. దాన్ని బాగుకు ఇచ్చే రోజున మూడు పనులు చేయండి. కొత్త భాగం వేసేముందు పాతది ఎందుకు పోయిందో అడగండి, జవాబు వచ్చేదాకా ఆగండి. ఒకే భాగం రెండోసారి పోతే మూడోది కొనకండి, దాని పక్కన ఏముందో చూడమనండి. తీసేసిన సామాను సంచిలో వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి. మీ ఊళ్లో చెవితో, వేలికొసతో పని తెలిసిన పాత మెకానిక్ ఎవరైనా ఇంకా ఉంటే, పని లేకపోయినా ఒకసారి వెళ్లి కూర్చోండి. పక్కన ఒక కుర్రాణ్ని కూడా కూర్చోబెట్టండి. ఆయన చెప్పేది ఏ పుస్తకంలోనూ రాసి లేదు.

ఆ తర్వాత రిజిస్ట్రేషన్ అయిదేళ్లకు పొడిగించారు. బండి ఇప్పటికి మూడు వేల కిలోమీటర్లు తిరిగింది. రేపల్లెలో వేసిన పాయింట్లే ఇంకా ఉన్నాయి.